పట్టూ నూలూ కలిసే చోట

నూలుకు దండం. పట్టుకు దండం. రెండూ కలిసే ఆ సన్నని గీతకు, చీర తిరగేసి చూస్తే తప్ప కంటికి ఆనని ఆ గీతకు మాత్రం రెండు దండాలు.

కర్నూలు సీమ కోడుమూరులో పుట్టే గద్వాల చీర ప్రాణమంతా అక్కడే ఉంది. ఒళ్లు నూలు. అంచు పట్టు, కొంగు పట్టు, వాటి మీద జరీ. నూలు గుణం వేరు, పట్టు గుణం వేరు. రెండూ ఒకే బిగువుకు లొంగవు. లొంగనివాటిని ఆరు గజాల పొడుగునా పక్కపక్కన నిలబెట్టి, చూసేవాళ్లకు ఒకే గుడ్డ అనిపించేలా చేస్తావు గదా అన్నా, ఆ పనికి పాట కట్టాలని నా ఆశ. పాట రాక ఈ మాటలు.

మూడు నాడెలు నీ మగ్గం మీద. ఎడమ అంచుకొకటి, కుడి అంచుకొకటి, నడుమ ఒంటికొకటి. నడుమ నాడె పరుగెత్తుకొచ్చి అంచు మొదట్లో ఆగుతుంది. అంచు నాడె ఎదురొస్తుంది. రెండు పేకలూ ఒకదాన్నొకటి మెలేసుకుని, వచ్చిన దారినే వెనక్కి మళ్లుతాయి. అప్పుడు పలక దెబ్బ. మళ్లీ కాలు మార్చు, మళ్లీ నాడెలు, మళ్లీ మెలిక. ఒక్క మెలిక తప్పితే అక్కడ చీలిక పడుతుంది. కట్టుకున్నావిడ కుచ్చెళ్లు పోసుకునే రోజున గానీ అది బయటపడదు. అందుకే ఈ మగ్గం ఒక్కరితో నడవదు. పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషి చాలా ఇళ్లలో పెళ్లామే.

అక్కా, నీకు వేరే దండం పెట్టాలి. రాట్నం తిప్పి కండెలు చుట్టేది నువ్వు. కొంగు దగ్గరకొచ్చేసరికి నూలు పడుగు ఆగిపోతుంది, పట్టు పడుగు మొదలవుతుంది. ఆ చివర ఈ చివర కలపాలి, పోగుకు పోగు, వేలకొద్దీ పోగులు. వేళ్లకు ఇంత బూడిద రాసుకుని, నూలు కొస, పట్టు కొస పక్కపక్కన పెట్టి, బొటనవేలితో ఒక్క నలుపు నలిపి వదులుతావు. ముడి కనపడదు. వదిలిన పోగు వైపు మళ్లీ చూడవు, తర్వాతి పోగు అప్పటికే వేళ్లలో ఉంటుంది. పొయ్యి మీద అన్నం సంగతి, బడికి పోయిన పిల్లోడి సంగతి నోటితో మాట్లాడుతూనే ఉంటావు. వేళ్లు మాత్రం ఆ మాటల్లోకి రావు. లెక్కల్లో నీ పని ‘సహాయం’ కింద పోతుంది. ఆ లెక్క రాసినవాళ్లు ఒక పూట కూర్చుని నూరు పోగులు కలిపి చూస్తే బాగుండు.

గుంటకు దండం. నేలను నడుం లోతుకు తవ్వి, అందులో కాళ్లు దించి కూర్చున్న నేతకు దండం. కర్నూలు సీమ ఎండ తెలిసినవాళ్లకు ఆ గుంట విలువ తెలుస్తుంది. చైత్ర వైశాఖాల్లో గాలిలో తడి చచ్చిపోతుంది. ఎండిన నూలు పోగు ముట్టుకుంటే తెగుతుంది. మట్టి నేల చల్లదనం పడుగును కాస్త కాపాడుతుంది. వానలొస్తే అదే గుంట నెమ్మెక్కి పగబడుతుంది, ఇది వేరే తంటా. మగ్గాలకు సిమెంటు గచ్చు ఇళ్లు కడతామని ఉత్సాహపడేవాళ్లు ముందు ఈ నేల మాట వినాలని నాకనిపిస్తుంది.

ఇంటి బయట నల్లరేగడిలో పత్తి. ఆ పత్తి బండ్లెక్కి, లారీలెక్కి ఆదోని మార్కెట్టుకు పోతుంది. గింజ తీయించుకుని, బేళ్లుగా మారి, ఎక్కడెక్కడి మిల్లులకో పోయి, చిలపలుగా చుట్టిన నూలు వేరే దారిన నీ గడపకొస్తుంది. ఎదురుగా పండిన పత్తిని తాకే హక్కు నీకు లేదు, తాకాలంటే దేశం తిరిగి రావాలి అది. పట్టు ధర నీ చేతిలో లేదు. జరీ ధరైతే ఇంకా దూరం.

పేరు కూడా దూరమే. నువ్వు నేసిన చీర కర్నూలు దాటి, తుంగభద్ర దాటి, నడిగడ్డలోని గద్వాల పేరు పెట్టుకుని హైదరాబాదు అద్దాల కొట్లలో నిలబడుతుంది. గద్వాల సంస్థానం తన నేతగాళ్లను కాశీకి పంపి జరీ పని నేర్పించిందని అక్కడ చెప్పుకుంటారు. తిరుమల వెంకన్నకు బ్రహ్మోత్సవాల జోడు పంచెలు గద్వాల మగ్గాల మీదే నేస్తారు. ఆ పేరుకు 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. న్యాయమే, ఆ గొప్ప వాళ్లది. కానీ కొట్లో చీర విప్పి ‘ఇది అసలు గద్వాల’ అని మెచ్చుకునే ఆవిడకు, ఆ అంచు కోడుమూరు వీధిలో పుట్టి ఉండొచ్చని చెప్పేదెవరు? అగ్గిపెట్టెలో పట్టేంత సన్నన అని కూడా పొగుడుతారు. చీరను అగ్గిపెట్టెలో ఎందుకు పెట్టాలో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు. ఒంటి మీద ఎట్లా పడుతుందో చూడండి, చాలు.

ఒకప్పుడు ఈ సీమలోనే ఒకాయన వేరే దారి చూపించాడు. ఎమ్మిగనూరులో పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టాడు. నూలు సంఘానిదే, అమ్మకం సంఘానిదే. ఎమ్మిగనూరు దుప్పటి, తువ్వాలు దేశమంతా తిరిగాయి. ఆ వైభవం ఇప్పుడు తలుచుకోవడానికే మిగిలింది. సంఘం తగ్గిన చోట షావుకారు వస్తాడు. షావుకారును తిట్టడం సులువు. పడుగు ఆయనది, పట్టు ఆయనది, చీర అమ్ముడుపోక మూలపడితే ఆ నష్టమూ ఆయనదే. నీది కూలి. చీరకింతని కూలి. చీర కోసం ఇద్దరూ వంగిన దినాలను ఆ కూలికి పంచి చూసుకుంటే మాట రాదు. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికులు తేలారు. నేత ఇళ్లలో సుమారు మూడింట రెండు వంతులకు నెల రాబడి 5,000 రూపాయల లోపే.

1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైందని, 2015 నుంచి ఆ రోజును జాతీయ చేనేత దినం చేశారు. 2020లో ఆ రోజు ఇంకొద్ది దినాలుందనగా అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. దండలు మాత్రం ఆ ఏడూ పడ్డాయి.

అయినా మగ్గం దిగని చేతులకు దండం. మరమగ్గం నీ బుటాను, నీ కోటకొమ్మ అంచును అచ్చు దించేసి పావు ధరకు అమ్ముతుంటే చూస్తూ కూడా, అంచు దగ్గర మెలిక వేయడం మానని మొండితనానికి దండం. నేర్పిన నాయనకు, నేర్చుకోనని బెంగళూరు బస్సెక్కిన కొడుక్కు కూడా. వాణ్ణి తప్పు పట్టే మనసు నాకు లేదు. వాడు పోయినా ఫోనులో చీరల ఫోటోలు వాట్సాప్‌లో తిప్పి, ఎక్కడెక్కడి వాళ్లకో నేరుగా అమ్మిపెడుతున్నాడంటే, అదీ ఈ మగ్గం పనే.

సొంత పడుగు వేసుకున్న నెల మాత్రం ఇల్లే వేరుగా ఉంటుంది. కూలికి నేసేప్పుడు రంగు షావుకారుది, బుటా షావుకారుది. సొంతానికి నేసేప్పుడు రంగు నీది. పొద్దున ఉగ్గాని, బజ్జీ తింటూ కూడా మొగుడూ పెళ్లాల మధ్య అదే పంచాయితీ.

“ఏమే, వంగపండు రంగుకు ఆవపువ్వు అంచేస్తే ఎట్లుంటాది?”

“సూసేకి బాగనే ఉంటాది. కొనేటోళ్లుండాల గదా?”

“కొంటారులే. కొనకుంటే నువ్వే కట్టుకుందువు గానీ.”

“పట్టు అప్పు నేను కట్టుకుంటే తీరుతాదా?” అంటూనే, అక్కా, ఆవపువ్వు రంగు పట్టు చిలప తీసి రాట్నానికి తగిలించింది నువ్వే.