డాలర్ బ్రాండ్ నుంచి అబ్దుల్లా ఇబ్రహీం దాకా

ఒక కళాకారుడు ముస్లిం పేరు పెట్టుకోగానే అతని చుట్టూ రెండు గోడలు లేస్తాయి. కళకు మతంతో పనేమిటంటూ ఆ పేరును పక్కకు నెట్టేవాళ్లు ఒకవైపు. ఆ పేరుకు ముందున్న బతుకునంతా చెరిపేసి 'మనవాడే' అని కావలించుకునేవాళ్లు మరోవైపు. దక్షిణాఫ్రికా జాజ్ పియానో విద్వాంసుడు అబ్దుల్లా ఇబ్రహీంను ఈ ఇద్దరూ సగమే విన్నారన్నది మా అభియోగం.

1934లో కేప్‌టౌన్‌లో పుట్టినప్పుడు ఆయన అడాల్ఫ్ జోహన్నెస్ బ్రాండ్. ఇంటి ఆడవాళ్లు ఆఫ్రికన్ మెథడిస్టు చర్చిలో పియానో వాయించేవాళ్లు. ఏడేళ్లకే ఆయన వేళ్లూ పియానో మెట్ల మీదికి వచ్చాయి. యువకుడయ్యాక జనం పిలిచిన పేరు డాలర్ బ్రాండ్. రెండు మాటలూ అంగడివే! ఇక 1950 నాటి జనాభా నమోదు చట్టం మనుషుల్ని రంగుల వారీగా విడగొట్టి ఆయనకు 'కలర్డ్' అని ముద్ర వేసింది. అంటే మిశ్రమమన్న మాట కూడా అక్కడ సర్కారు కాగితమే. అందుకే ఆయన సంగీతాన్ని 'చక్కని మిశ్రమం' అని మెచ్చుకుని ఊరుకోవడం మాకు మింగుడుపడదు.

1960లో ఆయన, హ్యూ మసకెలా, కిప్పీ మొయెకెట్సీ తదితరులు కలిసిన 'జాజ్ ఎపిసిల్స్' బృందం రికార్డు తెచ్చింది. దక్షిణాఫ్రికా నల్లజాతి జాజ్ బృందం తెచ్చిన తొలి ఎల్పీ అది. అదే ఏడాది షార్ప్‌విల్‌లో పోలీసు తూటాలకు 69 మంది నేలకొరిగారు. 1962లో ఆయన యూరప్ దారి పట్టారు. మరుసటి ఏడాది జ్యూరిచ్‌లో ఆయన వాదన వినేందుకు డ్యూక్ ఎల్లింగ్టన్‌ను ఒప్పించి తీసుకొచ్చింది గాయని సతీమా బీ బెంజమిన్. తర్వాత ఆయన్ను పెళ్లాడింది ఆమే. ఎల్లింగ్టన్ ఇద్దరినీ పారిస్‌లో రికార్డు చేయించాడు. ఆయనది వెంటనే లోకమెక్కింది. ఆమె పాటలు మాత్రం 1997 దాకా వెలుగు చూడలేదు. ఆయన కీర్తిని లెక్కగట్టే విమర్శకులు ఈ బాకీని కూడా రాసుకోవాలి.

1968లో ఆయన ఇస్లాం స్వీకరించారు. కేప్‌టౌన్‌లో ఇస్లాం ఎడారి నుంచి ఊడిపడింది కాదు. డచ్చివాళ్లు ఇండోనేషియా దీవుల నుంచీ, బెంగాల్ నుంచీ, మన కోరమాండల్ తీరం నుంచీ ఓడల్లో పట్టుకుపోయిన బానిసలూ, దేశబహిష్కృతులూ నిలబెట్టుకున్న మజహబ్ అది. ఆ ఊళ్లో కల్మా చదవడమంటే ఆ నేల గాయంలోకి మరింత లోతుగా దిగడమే.

దానికి రుజువు 1974 నాటి 'మానెన్‌బర్గ్'. నల్లవాళ్లూ, ముస్లింలూ, యూదులూ కలిసి బతికిన డిస్ట్రిక్ట్ సిక్స్‌ను 1966లో తెల్లవాళ్ల ప్రాంతమని ప్రకటించి, 60,000 మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. వాళ్లను విసిరేసిన బస్తీల్లో మానెన్‌బర్గ్ ఒకటి. రికార్డు తెచ్చింది జొహానెస్‌బర్గ్‌లో 'కోహినూర్' రికార్డుల దుకాణం నడిపిన భారత సంతతి వ్యాపారి రషీద్ వల్లీ. కంపెనీ పేరు 'అష్షమ్స్', అంటే సూర్యుడు. సుత్తులకు గుండుపిన్నులు గుచ్చిన పాత పియానో అందులో రేకుడబ్బాలా గణగణలాడుతుంది. కింద మరాబీ నాట్యపు తాళం తిరిగిందే తిరుగుతూ ఉంటుంది. స్వరాల కూర్పులో చర్చి కీర్తన నెమ్మది. దాని మీద బేసిల్ కోట్జీ శాక్సఫోన్ తీరుబడిగా మాట్లాడుతుంది. నిషేధించడానికి అందులో సాహిత్యమే లేదు! 1980ల సభల్లో అది ఉద్యమ గీతమై నిలిచింది. కోట్జీ ఇంటిపేరే 'మానెన్‌బర్గ్' అయిపోయింది. కాబట్టి అది ఒక్కడి సొత్తని మేం అనలేం.

ఇక్కడ మేం గట్టిగా చెప్పదలచిందొకటే. అబ్దుల్లా అన్న పేరు అడాల్ఫ్ నేర్చిన కీర్తనను కూల్చలేదు. దానికి కొత్త కిబ్లా చూపింది. 1976 సొవెటో తిరుగుబాటు తర్వాత మళ్లీ దేశం విడిచిన ఆయన, 1983లో పెట్టిన బృందానికి 'ఏకాయా' అని పేరు పెట్టారు. ఇల్లు అని అర్థం. 1994లో మండేలా పదవీస్వీకార వేడుకలో వాయించినప్పుడు ఆయనకు ఆరుపదులు దగ్గరపడ్డాయి.

లౌకికవాద మిత్రులారా, ఆయన పేరును పూర్తిగా పలకండి. ముస్లిం సోదర సోదరీమణులారా, ఆయన వేళ్లలోని చర్చిని చెవులారా వినండి. వతన్‌ను ప్రేమించడానికి పేరు మార్చుకోనక్కర్లేదు. పేరు మార్చుకున్నవాడు వతన్‌ను వదులుకున్నట్టూ కాదు.