దీనా కంఠము

ఆదికాండము 34వ అధ్యాయమున యాకోబు కూతురు దీనా పలికిన మాట యొక్కటియు లేదు. షెకెము ఆమెను చెరచెననియు, అన్నలు పగ తీర్చుకొనిరనియు మాత్రమే కలదు. అనితా డయమంట్ 1997లో వెలువరించిన ‘ది రెడ్ టెంట్’ నవలలో కథ యంతయు దీనాయే చెప్పును. బలాత్కారము ప్రణయముగా మారును. చదువునపుడు ఇది కల్పన యని మనసు హెచ్చరించుచునే యుండును. వినునపుడట్లు కాదు. స్త్రీకంఠము ‘నేను’ అనగానే కల్పన సాక్ష్యమై కూర్చుండును. మౌనమునకు మాట నొసగుట మెచ్చదగినదే. నేరమును వలపుగా దిద్దుట నాకు రుచింపలేదు.

మన రుద్రమకును ఈ ముప్పు కలదు. ఇంట తెలుగు మాటాడియు అక్షరములెరుగని తమిళనాటి మన పిల్లలకు చెవియే గ్రంథము గదా! బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ని తరగతిలో వినిపించుచుండగా ఒక బాలిక, “రుద్రమ నిజముగా ఇట్లే అన్నదా, అయ్యవారూ?” అని యడిగినది. పుస్తకము మూసి, 1289 నాటి చందుపట్ల శాసనము ఆమె మరణమును గూర్చి చెప్పిన కొద్దిపాటి సంగతిని నల్లబల్లపై వ్రాసితిని.