ముందు ఏది తెగాలి?

సర్ఫ్ బోర్డు సొంతంగా చేసుకునేవాళ్లు చెక్క గురించి, వంపు గురించి, పైపూత మెరుపు గురించి ఎంతసేపైనా మాట్లాడతారు. కాలికి కట్టుకునే తాడును, అంటే లీష్‌ను, బోర్డుకు ఎలా తగిలించాలన్నది మాత్రం ఆఖరి రోజుకు వదిలేస్తారు. లోపల బోలుగా ఉండే చెక్క బోర్డుకు ఆ వాయిదా పనికిరాదు. పైభాగం మూసేశాక లోపలికి చెయ్యి పోదు. అందుకే గరాజులో బల్లమీద నా కొత్త బోర్డు ఇంకా పక్కటెముకలు బయటపెట్టుకునే ఉంది. తాడు సంగతి తేలాకే పై చెక్క అతికిద్దామని ఆగాను.

"అన్నయ్యా, దుకాణంలో దొరికే ప్లగ్గు ఒకటి కొని బిగించెయ్యక, దీనికింత ఆలోచనేంటి?" అన్నాడు ఫోన్లో మా తమ్ముడు. అడగాల్సిన ప్రశ్నే.

ఈ ఆటతో పరిచయం లేనివాళ్లకు ముందు రెండు మాటలు. ఇప్పటి లీష్ యురెథేన్‌తో చేసిన సాగే తాడు. ఒక కొస పట్టీతో చీలమండకు, రెండో కొస బోర్డు తోకకు. తాడు పొడవు ఇంచుమించు బోర్డు పొడవంత ఉంటుంది. బోర్డు వైపు కొసన వెడల్పాటి నాడా ఉంటుంది. తాడు లాగినప్పుడు బోర్డు అంచు కోసుకుపోకుండా కాపాడేది అదే. ఆ నాడాను బోర్డుకు కలిపేది వేలెడంత సన్నటి నైలాన్ తాడు ముక్క. అల మనల్ని ఒకవైపు, బోర్డును ఇంకోవైపు విసిరినప్పుడు ఆ బరువంతా పడేది ఈ ముక్క మీదా, దాన్ని పట్టుకున్న చోటు మీదా.

ఇంత ముఖ్యమైన తాడు నిన్న మొన్నటిదే. కాలిఫోర్నియాలో మేముండే శాన్ హోసే నుంచి కొండలు దాటితే శాంటా క్రూజ్ వస్తుంది. 1885లో ముగ్గురు హవాయి రాకుమారులు అక్కడి నది మొగలో రెడ్‌వుడ్ పలకల మీద అలలెక్కారు. ఆ పలకలకు తాళ్లు లేవు. తర్వాత ఎనభై ఏళ్లకు పైగా అదే పద్ధతి నడిచింది. బోర్డు జారిపోతే ఈదుకుంటూ వెళ్లి తెచ్చుకోవడమే. ఒడ్డున రాళ్లుంటే ముక్కలు ఏరుకోవడమే. వెట్‌సూట్ల వ్యాపారి జాక్ ఓనీల్ కొడుకు పాట్, 1971లో మాలిబూ సర్ఫింగ్ పోటీకి తాడు కట్టుకుని వెళ్లాడు. తోటి పోటీదారులకూ ఇస్తానన్నాడు. నిర్వాహకులు అతన్ని పోటీలోంచి తప్పించారు. చేతకానివాళ్లు కట్టుకునే తాడని మిగతావాళ్లు నవ్వారు.

నవ్వినవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఆ తొలి తాళ్లు ఆస్పత్రుల్లో వాడే రబ్బరు గొట్టాలు. అవి ఎంత సాగేవో అంత జోరుగా వెనక్కి లాగి బోర్డును మనిషి మీదికే విసిరేవి. జాక్ ఓనీల్ ఎడమ కన్ను అలాగే పోయింది. తర్వాత జీవితమంతా ఆయన కంటికి నల్ల పట్టీతోనే కనిపించాడు. తాడు కట్టడం మంచిదే. కానీ అది ఎంత సాగాలి, దేన్ని పట్టుకోవాలి, బలం మించితే ముందు ఏది తెగాలి అన్నవి కూడా కట్టేవాడే తేల్చుకోవాలి.

నా ముందున్న దారులు మూడు. మొదటిది తమ్ముడు చెప్పిన ప్లగ్గు. చిన్న ప్లాస్టిక్ గిన్నె, దానికి అడ్డంగా ఒక కడ్డీ. మామూలుగా దొరికే ఫోమ్ బోర్డుల్లో గుంట తొలిచి, రెజిన్ పోసి కూర్చోబెడతారు. ఫోమ్‌కు అది చక్కగా సరిపోతుంది. నా బోర్డు పై చెక్క మందం ఆరు మిల్లీమీటర్లు, దాని కింద ఉన్నది గాలి. కాబట్టి లోపల గట్టి చెక్క దిమ్మ అతికించి, అందులో తొలవాలి. అది ఎప్పుడైనా ఊడిందో, బోర్డు కడుపులోకి నీళ్లు పోవడానికి అక్కడ దారి తెరుచుకున్నట్టే.

రెండోది, అదే దిమ్మకు పైనుంచి కిందికి నిలువునా రంధ్రం చేసి నైలాన్ ముక్క దూర్చడం. లాగుడుకు ఇది బాగా తట్టుకుంటుంది. అయితే రంధ్రం గోడల్లో చెక్క పచ్చిగా ఉంటే నీరు పీలుస్తుంది. పడవలు కట్టేవాళ్లు దీనికి ఉపాయం కనిపెట్టారు. ముందు పెద్ద రంధ్రం చేసి, దాన్ని ఎపాక్సీ జిగురుతో నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో చిన్న రంధ్రం తొలుస్తారు. నీళ్లకు చెక్క తగలదు. పని నిండుగా ఉంటుంది కానీ, చెడితే బాగుచెయ్యడం కష్టం.

మూడోది బోర్డుకు చిల్లే పెట్టనిది. ఫైబర్ గ్లాస్ పోగుల కట్టను ఎపాక్సీలో తడిపి, ఎపాక్సీ అంటుకోని పాలిథీన్ గొట్టం మీదుగా వంచుతారు. రెండు కొసలను విసనకర్రలా విప్పి బోర్డు మీద పరిచి, పైన గ్లాస్ బట్ట వేస్తారు. ఆరాక గొట్టం లాగేస్తే చిన్న కమాను మిగులుతుంది. నైలాన్ ముక్క అందులోంచి పోతుంది. లాగుడు ఒక్క చోట పడకుండా అరచేతి మేర పరుచుకుంటుంది. చూపుకు బొడిపెలా ఉంటుంది, బోర్డును సంచిలో దూర్చేటప్పుడు తగులుతుంది. ఆ మాత్రం ఇబ్బంది భరించవచ్చు.

విశాఖలో పెరిగిన నాకు ఈ మూడోదాని మీదే మనసు పోవడానికి కారణం ఉంది. ఫైబర్ పడవలు రాకముందు మా తీరంలో తెప్పలుండేవి. దుంగల్ని తాళ్లతో బిగించి కట్టేవారు. వేట ముగిశాక కట్లు విప్పి దుంగల్ని ఇసుకలో ఆరబెట్టేవారు. తెగితే తాడు తెగేది, దుంగ చెడేది కాదు. మార్చుకోగలిగినదే ముందు తెగాలన్న లెక్క ఆ కట్టులోనే ఉంది.

నా బోర్డుకూ అదే వరస పెట్టుకున్నాను. తెగాల్సి వస్తే ముందు నైలాన్ ముక్క, తర్వాత లీష్, ఆ తర్వాతే కమాను. బోర్డు కడుపు ఎప్పటికీ తెరుచుకోకూడదు. అంటే నైలాన్ ముక్క నాసిగా ఉండాలని కాదు, తక్కినవి దానికన్నా గట్టిగా ఉండాలని. అందుకే కమాను కింద, తోక చివరి నుంచి మూడు నాలుగు అంగుళాల దగ్గర, చెక్క దిమ్మ కూడా అతికిస్తున్నాను. పలచటి పై చెక్కకు లోపలి నుంచి ఆసరా కావాలి. మూసే ముందే తేల్చుకోవాలన్నది ఇందుకే. మా తమ్ముడికి నా జవాబూ ఇదే: ఫోమ్ బోర్డయితే ప్లగ్గు, బోలు చెక్కయితే కమాను.

బోర్డు చేసినా, కొన్నా, అద్దెకు తీసుకున్నా ఒక మాట మాత్రం వినండి. విశాఖ రుషికొండ తీరంలో ఇప్పుడు మన పిల్లలు కూడా సర్ఫింగ్ నేర్చుకుంటున్నారు. నీళ్లలోకి దిగే ముందు ఆ నైలాన్ ముక్కను చూడండి. పోగులు లేచి ఉంటే మార్చమనండి. అది తోక అంచు దాటి వేలాడేంత పొడవుంటే ముడి కుదించండి, లేకపోతే అంచును కోసేస్తుంది. అంచుకు తగలాల్సింది నాడా ఒక్కటే. తాడు ఉంది కదా అని ఈత నేర్చుకోవడం మానకండి. ఎంత ఈత వచ్చినా తాడు లేకుండా జనం మధ్యకు దిగకండి. అల కొట్టుకొచ్చే బోర్డు మీ తలకే తగలాలని లేదు, పక్కన ఆడుకునే పిల్ల తలకూ తగలవచ్చు.