జపమాలలో యేసు జీవితము: ఒక విమర్శనాత్మక పరిశీలన

వరంగల్ నగరములో పూసల మాల ఒక్క మతమువారి సొత్తు కాదు. ఖిలా వరంగల్‌లోని శంభులింగేశ్వరుని గుడికి వచ్చు భక్తుని చేతిలో రుద్రాక్షమాల, కాజీపేట దర్గాకు వచ్చువారి చేతిలో తస్బీహ్, అదే కాజీపేటలో ఫాతిమా మాత కతీడ్రలుకు వచ్చు కథోలికుల చేతిలో జపమాల మనకు కనబడుతాయి. ఈ ముగ్గురూ చేయుచున్నది ఒకటేనా అను ప్రశ్న ఇక్కడ పరిచర్య చేయు కాపరికి తప్పదు. జపమాల యేసు జీవితమును ధ్యానించుటకు ఎంతవరకు తోడ్పడుచున్నదో ఈ వ్యాసములో పరిశీలించదలచాము.

వరంగల్ మేత్రాసనము 1952లో ఏర్పడినది. దాని కతీడ్రలుకు పేరునిచ్చిన ఫాతిమా పోర్చుగల్ దేశములోని ఊరు. 1917లో అక్కడ ముగ్గురు పిల్లలకు మరియమాత కనబడి, ప్రతిదినము జపమాల చెప్పమని కోరినదని కథోలికులు నమ్ముదురు. కనుక వరంగల్ కథోలికుల భక్తిలో జపమాలకు ప్రత్యేక స్థానముండుట సహజమే.

మన ప్రసంగములలో జపమాలపై తరచుగా వినబడు ఆక్షేపణ మత్తయి 6:7 ఆధారముగా చేయబడునది: అది వ్యర్థమైన పునరుక్తి అని. ఈ ఆక్షేపణ నిలువదని మా అభిప్రాయము. గెత్సేమనేలో యేసు మూడవమారు కూడ ఆ మాటలే చెప్పి ప్రార్థించెనని మత్తయి 26:44 తెలుపుచున్నది. 136వ కీర్తన 26 వచనములలోను ఒకే పల్లవి మరల మరల వచ్చుచున్నది. ప్రభువు ఖండించినది విస్తారమైన మాటలతో దేవుని ఒప్పించవచ్చునను తలంపును గాని, మాట తిరిగి పలుకుటను కాదు.

అసలు ప్రశ్న వేరొకటి. జపమాలలో మంగళవార్త జపము లెక్క కొరకు కాదు, దేవరహస్యములను ధ్యానించుట కొరకు. ధ్యానము లేని జపమాల ఆత్మ లేని శరీరము వంటిదని పోపు ఆరవ పౌలు 1974లోనే హెచ్చరించారు. అయితే తెలుగులో మనము పెట్టుకొన్న పేరే ధ్యానమును మరుగుపరచుచున్నది. 'జపమాల' అనగానే జపము, లెక్క గుర్తుకు వచ్చును. 'రహస్యము' అనగానే దాచబడినది అని తోచును. పౌలు ఎఫెసీ పత్రికలో వాడిన మాటకు దేవుడు క్రీస్తులో బయలుపరచినది అని అర్థము. మన బైబిలులో దానిని 'మర్మము' అన్నారు.

ఇక ధ్యానించు విషయములను చూతము. 1569లో పోపు ఐదవ పయస్ స్థిరపరచిన రూపములో పదిహేను దేవరహస్యములు ఉన్నవి. సంతోష దేవరహస్యములు పండ్రెండేండ్ల యేసు దేవాలయములో కనబడుటతో ముగియును. దుఃఖ దేవరహస్యములు గెత్సేమనేతో మొదలగును. నడుమ బాప్తిస్మము లేదు, కొండమీది ప్రసంగము లేదు, ఒక్క స్వస్థత లేదు. మార్కు సువార్త ఈ లెక్కన 14వ అధ్యాయముతో ఆరంభమగును!

ఆదిలో ఇట్లు లేదు. 15వ శతాబ్దపు తొలి భాగములో ప్రష్యా డొమినిక్ అను సన్యాసి యేబది మంగళవార్త జపములకు యేసు జీవితమునుండి యేబది చిన్న వాక్యములు చేర్చాడు. వాటిలో ఆరు ప్రభువు బహిరంగ పరిచర్యను గూర్చినవి, ఇరువది నాలుగు శ్రమలను గూర్చినవి. ఈ ఆరు కూడ తరువాతి రూపములో జారిపోయినవి. ఆరు వందల సంవత్సరముల తరువాత, 2002 అక్టోబరు 16న, రెండవ జాన్ పాల్ తమ లేఖ ద్వారా ఐదు వెలుగు దేవరహస్యములను చేర్చిరి: యొర్దానులో బాప్తిస్మము, కానా వివాహము, దేవుని రాజ్య ప్రకటన, రూపాంతరము, ప్రభురాత్రి భోజన స్థాపన. ప్రతి దేవరహస్యమునకు వాక్యము చదివి, కొంతసేపు మౌనముగా ఉండవలెనని కూడ ఆ లేఖ సూచించినది.

ఇది మెచ్చదగిన దిద్దుబాటు. అయినను రెండు లోపములు మిగిలియున్నవి. మొదటిది, ఉపమానములు, స్వస్థతలు, పాపులతో భోజనము, అన్నియు 'రాజ్య ప్రకటన' అను ఒక్క దేవరహస్యములో ఇమడవలసి వచ్చినది. రెండవది, మహిమ దేవరహస్యములలో చివరి రెండు, అనగా మరియ మోక్షారోపణము, కిరీటధారణ, సువార్తలలో లేని సంగతులు. క్రీస్తు పునరుత్థానము సంఘమునకు ఇచ్చు నిరీక్షణకు అవి గురుతులని కథోలికులు వివరింతురు. ఆ నిరీక్షణను మేమును ఒప్పుకొందుము. కాని యేసు జీవిత ధ్యానము ఆయనతోనే ముగియవలెనని మా మనవి.

అయితే ఈ విమర్శ చేయు మనము మన ప్రసంగ వేదికను కూడ పరీక్షించుకొనవలెను. క్రిస్మస్‌కు పుట్టుక, శుభశుక్రవారమున ఏడు మాటలు, ఈస్టరునాడు ఖాళీ సమాధి. నడుమ ఉన్న యేసు మన సంఘములలో ఎన్ని ఆదివారములు కనబడుచున్నాడు? అపొస్తలుల విశ్వాస ప్రమాణము కూడ కన్య మరియ గర్భమునుండి నేరుగా పొంతి పిలాతు వద్దకు పోవును. జపమాలలోని ఖాళీ మనలోను ఉన్నది.

ఈ ఖాళీ చిన్న విషయము కాదు. తెలంగాణ సంఘములలో అధిక భాగము దళిత కుటుంబములనుండి వచ్చినది. కుష్ఠరోగిని ముట్టిన యేసు, సమరయ స్త్రీని నీళ్ళడిగిన యేసు, సుంకరి ఇంట భోజనము చేసిన యేసు వారికి అందకపోయినచో, ఊరి అంటరానితనమును ప్రశ్నించు ప్రభువు కూడ వారికి అందడు. పుట్టి, చనిపోయి, లేచిన రక్షకుడు మాత్రము మిగులును. ఆయన ఎవరితో కూర్చున్నాడో తెలియకపోవును.

కనుక సేవకులకు, వేదాంత విద్యార్థులకు మా సూచనలివి. కథోలిక సోదరుల పూసలను ఎగతాళి చేయక, వారు ఏ దేవరహస్యమును ధ్యానించుచున్నారో అడిగి తెలిసికొనుడి. వారితో కలసి వాక్యము చదువు అవకాశము దొరికినచో, ఆ దేవరహస్యమునకు తగిన సువార్త భాగమును తెరువుడి. మన సంఘములలో క్రిస్మస్ మొదలు శ్రమకాలము వరకు మార్కు 1 నుండి 13 అధ్యాయములను వరుసగా బోధించుడి. మరియమ్మ కానాలో పనివారితో చెప్పినది కూడ ఆయన మాట వినుడనియే (యోహాను 2:5). ఆ మాట వినవలెనంటే ఆయన పలికిన సంవత్సరములను దాటిపోరాదు.