డిస్కులకు చోటు చేసే పనితనం

ముదినేపల్లి లాంటి ఊళ్లలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోవాళ్లకు కంప్యూటర్‌లో చోటు ఎప్పుడూ చాలదు. అప్పుడే మెకానిక్ పనితనం తెలుస్తుంది. సీడీ డ్రైవుల కోసం వదిలిన 5.25 అంగుళాల అరలు రెండు ఖాళీగా ఉంటే, వాటిలో కేజ్ బిగించి 3.5 అంగుళాల హార్డ్‌డిస్కులు మూడు పట్టిస్తాడు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు అదురు కేసుకు పాకకుండా రబ్బరు వాషర్లు వేస్తాడు. వేడి నిలవకుండా ముందువైపు ఫ్యాను పెడతాడు. సాటా కేబుళ్లు నలగకుండా సర్దుతాడు. పవర్ సప్లై అంత లోడు తట్టుకుంటుందో లేదో ముందే లెక్క చూస్తాడు. కొల్లేటి తేమ, చెరువుగట్ల దుమ్ము ఉన్నచోట ఈ శ్రద్ధ మరీ అవసరం. ఎన్నో కుటుంబాల శుభకార్యాలు ఆ డిస్కుల్లోనే భద్రంగా ఉంటాయి. ఇలాంటి పనివాడు దొరికితే కూలి దగ్గర బేరమాడకండి.