మృదుజలపు అక్వేరియము: కరదీపికల లోపము

నియాన్ టెట్రా వంటి అమెజాను ప్రాంతపు చేపలకు ఆమ్లగుణము గల మృదుజలము కావలెనని అక్వేరియము కరదీపికలు చెప్పుచున్నవి. అది నిజమే. కాని అట్టి నీటిలో జీవసంబంధమైన వడపోత ఎట్లు నిలుచునో చెప్పవలసిన చోట, పెక్కు కరదీపికలు చదువరిని నట్టేట విడిచిపెట్టుచున్నవి.

చేపలు విసర్జించు అమోనియాను నైట్రోసోమోనాస్ నైట్రైటుగాను, దానిని నైట్రోబాక్టర్ నైట్రేటుగాను మార్చునని పాత పాఠము. ఈ పేర్లు ఇంకను వల్లె వేయుట తగదు. మంచినీటి తొట్లలో నైట్రైటును మార్చునది నైట్రోస్పైరా అని 1998లో హొవనెక్ బృందము చూపెను. అనేక తొట్లలో అమోనియాను మార్చునవి ఆర్కియాలని 2011లో తేలినది. అదే సంవత్సరమున పి.హెచ్. 4-5 వద్ద ఈ పని చేయు ఆర్కియా యొకటి స్కాట్లండు ఆమ్లభూమిలో దొరికినది. కాబట్టి పి.హెచ్. 6కు దిగువను వడపోత పూర్తిగా చచ్చునని వ్రాయుట తొందరపాటు.

అంతకంటె పెద్ద లోపము క్షారతను గూర్చి మౌనము. ఒక గ్రాము అమోనియా నత్రజని నైట్రేటుగా మారుటకు, సుమారు 7 గ్రాముల కాల్షియం కార్బొనేటుకు సమానమైన క్షారత ఖర్చగును. మృదుజలములో ఆ నిలువ స్వల్పము. అది తీరగనే పి.హెచ్. పడును, వడపోత మందగించును, అమోనియా పేరుకొనును. ఆమ్లజలములో అది చాలవరకు అమోనియం అయానుగా నుండుటచే చేపలు అప్పటికి బ్రతికియే యుండును.

సున్నపురాతి నేలలు గల కర్నూలు, కడప సీమలలో ప్రమాదము ఇచ్చటనే పొంచియున్నది. ఆ నేలల బావినీరు కఠినము, క్షారగుణము కలది. దానిని ఒక్కసారిగా తొట్టిలో పోసినచో పి.హెచ్. 8 వైపు ఎగబ్రాకును. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పి.హెచ్. 6 నుండి 8కి పెరిగిన, విషరూపమైన అమోనియా పాలు దాదాపు నూరు రెట్లగును. శుభ్రము చేసిన తొట్టిలోనే చేపలు చచ్చి తేలుట కిదియొక కారణము.

కఠినజలములో ఆమ్లము పోయుమను సలహాయు మేలుచేయదు. బైకార్బొనేటు మిగిలినంతకాలము పి.హెచ్. మరల పైకి వచ్చును. కాల్షియం నీటిలోనే యుండును. తొట్టి అడుగున కడపరాతి ముక్కలు పరచిన అదియు మెల్లగా కరగును. బెలుం గుహలను తొలిచినది స్వల్పముగా ఆమ్లగుణము గల నీరే గదా!

వాననీటిలో కొంత బావినీరు కలిపి క్షారతను కొద్దిగా నిలుపుట, ఆ మిశ్రమముతోనే వారమునకు పదవ వంతు మార్చుట, స్పాంజిని తొట్టినీటిలోనే పిండుట, చేపలను తక్కువగా నుంచుట క్షేమము. వాననీరు పట్టుటకు వీలులేని పాఠశాలలో టెట్రాల కంటె కఠినజలమున కోర్చు గప్పీలు, మాలీలు మేలు.