గుడ్డును దీపంలో చదివే చేతులు

నాటుకోళ్లు పెంచేవాళ్లకు కొదవ లేదు. పొదిగించడం వచ్చినవాళ్లు తక్కువ. పొదుగులోని గుడ్డును దీపానికి అడ్డం పెట్టి ఇది పిల్ల కడుతుంది, ఇది కట్టదు అని తేల్చేవాళ్లు మరీ తక్కువ. గోదావరి, కృష్ణా పల్లెల్లో ఆ చేతులు ఎక్కువగా ఆడవాళ్లవే. సంక్రాంతి కోడిపందేలకు పేరంతా పుంజుకీ, దాన్ని ఎత్తుకు తిరిగే ఆసామికీ పోతుంది. గుడ్డు నాటి నుంచి దాన్ని గట్టెక్కించిన అమ్మమ్మ ఊసు ఎవరూ ఎత్తరు.

ఆ పందెం పుంజుల జాతి అసీలు. దాని వంశాన్ని మనవాళ్లు పల్నాటి బ్రహ్మనాయుడి పందెంకోడి చిట్టిమల్లు దాకా లాక్కుపోతారు. డేగ, కాకి, నెమలి, పర్ల అంటూ రంగుపేర్లు చెప్పే కుక్కుటశాస్త్రం ఏనాటిదో పండితులు తేల్చుకోనీ. నాకు గుడ్డు ముఖ్యం.

వారం లోపు పెట్టిన గుడ్లే ఏరతారు. గంపలో వరిగడ్డి పరిచి, పెట్ట పొట్ట కింద ఇమిడేటట్టు పదో పన్నెండో సర్ది, చీకటి పడ్డాక దాన్ని కూర్చోబెడతారు. ఉరుములకు గుడ్లు మురుగుతాయని ఓ ఇనప ముక్కో, ఎండుమిరపకాయో పక్కన పడేస్తారు. పనిచేస్తుందో లేదో గానీ, అది లేని గంప నాకు బోసిగా కనిపిస్తుంది.

ఏడో రాత్రి అసలు పని. టార్చి మూతిని గుప్పిట్లో బిగించి, గుడ్డు వెడల్పు కొసను దాని మీద ఆనిస్తారు. పిల్ల కట్టిన గుడ్డులో నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు. కాస్త ఓపిక పడితే ఆ చుక్క కదలడమూ కనిపిస్తుంది. లోపలంతా ఒకే పసుపు వెలుగైతే అది పుంజు తగలని గుడ్డు. నరాలు పోయి ఎర్రటి ఉంగరం మిగిలితే పిల్ల మొదలై ఆగిపోయిందని అర్థం. దాన్ని వెంటనే తీసేయాలి, మురిగి పగిలిందంటే పొదుగంతా కంపు. చేయి తిరిగిన మనిషి గొప్పతనం అనుమానపు గుడ్డు దగ్గర తెలుస్తుంది. పారేయదు. బొగ్గుతో గీత పెట్టి మళ్లీ పెట్ట కిందకు తోస్తుంది, పదో రోజున ఇంకోసారి చూస్తుంది. పద్దెనిమిదో రోజుకు వెడల్పు కొసన గాలి గది తప్ప గుడ్డంతా నలుపే. ఇక ముట్టుకోరు. ఇరవై ఒకటో రోజుకు కిచకిచలు.

పొలంలో దొరికిన నెమలి గుడ్లను కోడి కింద పెట్టే సరదారాయుళ్లూ ఉన్నారు. 28 రోజులకు పిల్లలు లేస్తాయి, నిజమే. కానీ 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అది నేరం. ఆ గుడ్లను ఉన్నచోటే వదిలేయండి.

ఒళ్లు మండేది వేరే సంగతికి. పొదుగుకొచ్చిన పెట్టను నీళ్లలో ముంచి, ముక్కులో ఈక గుచ్చి పొదుగు విరిచేస్తున్నారు, మళ్లీ త్వరగా గుడ్లు పెట్టాలట! ఇంక్యుబేటర్ 37.5 డిగ్రీల వేడి ఇస్తుంది, కాదనను. గద్దొస్తే పిల్లల్ని రెక్కల కింద దాచుతుందా? ఇక సంతలో రంగు ఈకలున్న ప్రతి సంకర కోడీ ‘నాటుకోడే’. హైదరాబాద్ రాజేంద్రనగర్ పరిశోధకులు అసీలు నుంచే వనశ్రీ అనే రకాన్ని తీశారు, దాన్ని ఆ పేరుతోనే ఇచ్చారు. పేరు దాచి అమ్మేవాడిది పచ్చి మోసం.

మీ పెరట్లో పొదుగు పట్టే అసీలు పెట్ట ఉంటే కూరకు అమ్మకండి. గుడ్డు చూడటం వచ్చిన పెద్దావిడ మీ వీధిలో ఉంటే, ఈ ఏడాదే టార్చి పట్టుకెళ్లి నేర్చుకోండి.